కారు ఆంప్ పలకడం లేదా? బోర్డు విప్పే ముందు ఇవి చూడండి

"అన్నా, ఆంప్ పోయింది. కొత్తది కొనాలా?" తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. ఆంప్ అంటే ఆంప్లిఫయరు, స్టీరియో నుంచి వచ్చే పాటను పెంచి స్పీకర్లకు పంపే పెట్టె. అడిగేవాళ్లలో కొండకు ట్యాక్సీ తిప్పే డ్రైవర్లున్నారు, సొంత కారులో ఊఫర్ పెట్టించుకున్న కుర్రాళ్లున్నారు, గంగ జాతరకూ వినాయక చవితికీ బొలెరో వెనక స్పీకర్ పెట్టెలు కట్టేవాళ్లున్నారు. అందరినీ నేను తిరిగి అడిగేది ఒకటే: పోయిందని ఎలా తేల్చారు? లైటు వెలగనంత మాత్రాన, ఎర్ర లైటు వచ్చినంత మాత్రాన ఆంప్ పోయినట్టు కాదు. దాని దాకా కరెంటు సరిగ్గా వస్తోందా, దాన్నుంచి బయటికెళ్లే వైర్లు బాగున్నాయా అన్నది చూడకుండా లోపలి సర్క్యూటు బోర్డు విప్పారంటే, బాగున్నదాన్ని చేజేతులా పాడు చేసుకున్నట్టే.

కింద చెప్పిన వరుసలోనే చేయండి. మధ్యలో దూకితే మళ్లీ మొదటికొస్తుంది.

కావలసినవి

డిజిటల్ మల్టీమీటరు ఒకటి. ఖరీదైనది అక్కర్లేదు, డీసీ వోల్టులు, ఓములు, బజరు (రెండు కొనల మధ్య దారి తెగకుండా ఉంటే మోగేది) ఉంటే చాలు. ఐదారు మీటర్ల సన్న వైరు, దాని రెండు చివరలా క్రొకడైల్ క్లిప్పులు. 10 నంబరు స్పానరు, స్టార్ స్క్రూడ్రైవరు, ఆంప్ టెర్మినళ్లకు సరిపోయే అలెన్ కీ. ఎమరీ పేపరు ముక్క. పాత హెచ్4 హెడ్‌లైట్ బల్బు. రెండు ఫిలమెంట్లలో ఒకటి వెలిగినా పనికొస్తుంది. ఆంప్ మీద ఎంత రాసి ఉందో సరిగ్గా అన్ని ఆంపియర్ల ఫ్యూజులు రెండు మూడు. బాగా పలుకుతుందని తెలిసిన పాత డోర్ స్పీకరు. టార్చి. ముందు సీట్లో కూర్చుని స్టీరియో ఆన్, ఆఫ్ చేయడానికి ఒక మనిషి.

మొదలుపెట్టే ముందు

చేతికున్న కడియం, ఉంగరం, లోహపు చైను ఉన్న వాచీ తీసేయండి. 12 వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ ప్లస్‌కీ బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే అది క్షణంలో ఎర్రగా కాలి వేలిని పట్టుకుంటుంది.

వైరు విప్పే పని ఏదున్నా ముందు బ్యాటరీ మైనస్ తీయండి, బిగించేటప్పుడు దాన్ని చివర్లో పెట్టండి. ప్లస్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలిందంటే నిప్పులే. కొలిచేటప్పుడు మాత్రం బ్యాటరీ కలిపే ఉండాలి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉన్న ట్యాక్సీ అయితే డోర్లన్నీ తెరిచి, గ్యాస్ వాసన లేదని చూసుకున్నాకే చేయి పెట్టండి.

1. జబ్బు ఏ రకమో తేల్చుకోండి

లైటే రాకపోతే 2 నుంచి 6 వరకు వరుసగా చూడండి. ఎర్ర లైటు, అంటే ఏదో తేడా ఉందని ఆంప్ తనను తాను ఆపుకున్నప్పుడు వచ్చే ప్రొటెక్షన్ లైటు వస్తుంటే 3 చూసి 7కు వెళ్లండి. ఫ్యూజ్ కొట్టేస్తుంటే 8. కాసేపు పాడి ఆగిపోతుంటే, బాస్ కొట్టినప్పుడల్లా కట్ అవుతుంటే ముందు 5, 6, తర్వాత 9. ఇంజిన్ వేగంతో పాటు కూత వస్తుంటే 10.

2. ఫ్యూజును కంటితో కాదు, మీటరుతో చూడండి

ఫ్యూజులు కనీసం రెండు చోట్ల ఉంటాయి: బానెట్ కింద బ్యాటరీ దగ్గర ఒకటి, ఆంప్ ఒంటి మీద ఒకటో రెండో మూడో. బ్యాటరీ దగ్గర ఫ్యూజే లేకపోతే మిగతా పనంతా ఆపి ముందు అది వేయించండి. బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలది. అది ఆంప్‌ను కాపాడటానికి కాదు, డిక్కీ దాకా వెళ్లే వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బండి తగలబడకుండా ఉండటానికి.

గాజు ఫ్యూజు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల తీగ కూడా కనిపిస్తుంది. కానీ మూత దగ్గర టంకం విడిపోయి ఉంటుంది. అందుకే బయటికి తీసి బజరు పెట్టి చూడండి. తర్వాత దాన్ని మళ్లీ పెట్టి, పాట గట్టిగా పాడుతుండగా ఫ్యూజుకు ఇటువైపు, అటువైపు వోల్టేజి కొలవండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. తేడా అర వోల్టు దాటిందంటే హోల్డరు పట్టు వదిలేసినట్టే. హోల్డరు ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకు తిరిగి ఉంటే కొలవడం కూడా అక్కర్లేదు, మార్చేయండి.

కాలిన ఫ్యూజు మీద సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, వైరు పోగు కట్టడం, 30 ఉన్న చోట 60 పెట్టడం మన వైపు మామూలే. ఇలా నడిపిన ఆంప్‌లో ఫ్యూజు కాలాల్సిన చోట బోర్డు కాలుతుంది.

3. ఆంప్ దగ్గర మూడు కొలతలు

మొత్తం పనిలో ఇదే అసలు మెట్టు. ఆంప్‌కు కరెంటు టెర్మినళ్లు మూడు: ప్లస్ 12 వోల్టులు, ఎర్త్ (బండి బాడీకి కలిపే మైనస్), రిమోట్ (స్టీరియో ఆన్ చేయగానే ఆంప్‌ను లేపే సన్న వైరు). మీటరు నల్ల కొనను ఆంప్ ఎర్త్ స్క్రూ మీదే పెట్టండి. బాడీ మీద పెట్టకండి. అలా పెడితే ఎర్త్ తెగిపోయినా రీడింగు బాగానే వచ్చి మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఎర్ర కొనను ప్లస్ మీద పెట్టండి. ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా 12.4 నుంచి 12.7 వోల్టులు రావాలి. స్టార్ట్ చేస్తే 13.5 నుంచి 14.5 దాకా పెరగాలి. పెరగకపోతే ఆల్టర్నేటరు ఛార్జి చేయడం లేదు, ఆంప్‌ను వదిలి దాన్ని చూపించుకోండి. కొత్త మోడల్ కార్లలో ఆల్టర్నేటరును కంప్యూటరు తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి హెడ్‌లైట్లు వేసి చూడండి.

తర్వాత ఎర్ర కొన రిమోట్ మీద. స్టీరియో ఆన్ చేస్తే 12 వోల్టుల దరిదాపుల్లో, ఆఫ్ చేస్తే సున్నా.

ఇప్పుడు ఎర్ర కొనను మళ్లీ ప్లస్ మీదే ఉంచి, నల్ల కొనను గీకిన బాడీ లోహానికి మార్చండి. ఎర్త్ స్క్రూతో ఏమీ రాక, బాడీతో 12 వచ్చిందా? తప్పు ఎర్త్ వైరులోనే ఉంది. రెండింటితోనూ రాలేదా? ప్లస్ వైరు. ప్లస్ వచ్చి రిమోట్ రాలేదా? తర్వాతి మెట్టు. మూడూ సరిగ్గా ఉండి, ఒంటి మీద ఫ్యూజు బాగుండి, లైటు మాత్రం రాకపోతే అప్పుడు ఆంప్‌ను అనుమానించండి. అంతకు ముందు వద్దు.

4. రిమోట్ వైరు

సన్న వైరే గదా అని దీన్ని ఎవరూ పట్టించుకోరు. స్టీరియో వెనక నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు ఆంప్‌ది. ఉత్త నీలం వైరు యాంటెన్నాది. చాలా స్టీరియోల్లో ఉత్త నీలానికి రేడియో పెట్టినప్పుడే 12 వోల్టులొస్తాయి. "ఎఫ్ఎం పెడితే ఊఫర్ పలుకుతుంది, పెన్‌డ్రైవ్ పెడితే పలకదు" అని ఎవరన్నా అంటే నేను వెంటనే అడిగేది ఈ రెండు వైర్ల గురించే. చవక ఆండ్రాయిడ్ స్టీరియోల్లో రంగుల మీద నమ్మకం పెట్టుకోకండి. వైరు మీద చిన్న స్టిక్కరుంటుంది, 'ఆంప్ కాన్' అనీ 'యాంట్ కాన్' అనీ. ఆ స్టిక్కరు చూడండి, చూశాక కూడా కొలవండి.

పరీక్ష సులువు. చిన్న వైరు ముక్కతో ఆంప్ ప్లస్ టెర్మినల్ నుంచి రిమోట్ టెర్మినల్‌కు ఒక్క క్షణం ముట్టించండి. లైటు వెలిగితే ఆంప్ బతికే ఉంది, రిమోట్ లైనే దెబ్బతింది. ఆ వైరు ముక్క స్పీకరు టెర్మినల్‌కు తగలకుండా చూసుకోండి. తగిలితే బాగున్న ఆంప్ కూడా పోతుంది.

ఒకే రిమోట్ నుంచి రెండు ఆంప్‌లు, ఒక ఫ్యాను, ఎల్ఈడీ స్ట్రిప్పు లాగేస్తుంటారు. స్టీరియో లోపలి సర్క్యూటుకు అంత శక్తి ఉండదు. రెండు దాటితే 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) ఒకటి పెట్టించండి. రిమోట్‌ను నేరుగా బ్యాటరీకి కట్టేసిన బండి మాత్రం పొద్దున సెల్ఫ్ కొట్టదు.

5. ఎర్త్: అసలు దొంగ ఇక్కడే

డిక్కీ కార్పెట్ ఎత్తి, ఆంప్ నుంచి వచ్చే నల్ల వైరును బోల్టు దాకా చేత్తో తడుముతూ వెళ్లండి. ఎక్కువ బండ్లలో కనిపించేది ఇది: లగ్ (వైరు కొసకు నొక్కే లోహపు రింగు) ఉండదు, వైరు పోగుల్ని మెలిపెట్టి సెల్ఫ్ స్క్రూ కింద నొక్కేసి ఉంటారు. సగం పోగులు స్క్రూ బయటే విచ్చుకుని ఉంటాయి. స్క్రూ తీసి చూస్తే దాని కింద బాడీ రంగు, తెల్ల బండి అయితే తెల్లగా, చెక్కుచెదరకుండా మెరుస్తుంటుంది. అంటే ఇన్నాళ్లూ కరెంటంతా ఆ స్క్రూ మర అంచుల గుండానే పోయింది. కొత్తలో పాడింది. ఒక వానాకాలం గడిచాక తుప్పు పట్టి ఆగింది.

ఇక్కడ ఓములు కొలిచి "సున్నా చూపిస్తోంది, బాగానే ఉంది" అనుకోవడం అందరూ చేసే తప్పు. మామూలు మీటరు కొనలు రెండూ కలిపితేనే 0.3 ఓములు చూపిస్తుంది. కానీ ఎర్త్‌లో 0.05 ఓములున్నా చాలు: 40 ఆంపియర్లు లాగినప్పుడు అక్కడే 2 వోల్టులు పోతాయి. 12.6 ఉన్నది 10.6 అవుతుంది. చాలా ఆంప్‌లు ఆ దగ్గర్లోనే ముడుచుకుంటాయి. ఊరికే ఉన్నప్పుడు అంతా బాగుంటుంది, బాస్ పడగానే కట్ అవుతుంది.

కాబట్టి పాట పాడుతుండగా వోల్టేజి కొలవాలి. సన్న వైరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస మీటరు నల్ల కొనకు క్లిప్ చేయండి. ఎర్ర కొనను ఆంప్ ఎర్త్ స్క్రూ మీద పెట్టండి. మీటరును తక్కువ డీసీ వోల్టుల రేంజిలో ఉంచి బాస్ ఎక్కువున్న పాట పెట్టించండి. డప్పుల పాట అయితే ఇంకా మంచిది. 0.2 వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. 0.5 దాటితే ఎర్త్ మార్చాల్సిందే.

మార్చేటప్పుడు ఇలా చేయండి. ఆంప్‌కు దగ్గరగా, మందమైన బాడీ లోహం ఉన్న చోటు ఎంచుకోండి. రూపాయి బిళ్ల అంత మేర రంగు ఎమరీతో గీకి లోహం తెల్లగా కనిపించేలా చేయండి. రాగి లగ్ వైరుకు గట్టిగా నొక్కించి, నక్షత్రపు వాషరు వేసి, నట్టూ బోల్టుతో బిగించండి. పైన కాస్త గ్రీజు రాస్తే తుప్పు పట్టదు. ఎర్త్ వైరు ప్లస్ వైరంత లావే ఉండాలి, పొడవు అర మీటరు దాటకూడదు.

సీట్ బెల్టు బోల్టును మాత్రం ముట్టుకోకండి. అది ప్రాణం కాపాడే బోల్టు. కొత్తగా రంధ్రం చేయాల్సి వస్తే ముందు బండి కింద దూరి చూడండి. చాలా కార్లలో వెనక సీటు కింద పెట్రోలు ట్యాంకు ఉంటుంది. ఇంకొకటి, కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీదే కరెంటు సెన్సరు ఉంటుంది. ఎర్త్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కు కడితే కారు కంప్యూటరు లెక్క తప్పుతుంది. బాడీకే కట్టండి.

6. ప్లస్ వైరు

పరీక్ష అదే, కొనలు మారతాయి. సన్న వైరును ఈసారి బ్యాటరీ ప్లస్‌కు క్లిప్ చేయండి. దాని మరో కొసా, ఆంప్ ప్లస్ టెర్మినలూ మీటరుకు. ఆ సన్న వైరు కొస ఎక్కడా బాడీకి తగలకూడదు, అది నేరుగా బ్యాటరీ ప్లసే. మధ్యలో చిన్న ఫ్యూజు ఒకటి పెట్టుకుంటే ఇంకా మేలు. పాట నడుస్తుండగా 0.5 వోల్టుల లోపు రావాలి.

ఎక్కువ వచ్చి, ఫ్యూజు హోల్డరు బాగుంటే, వైరే నాసిరకం. అంగట్లో కిట్లుగా అమ్మేవాటిలో చాలావరకు అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసినవి. చాకుతో ఒక పోగును గీకండి, లోపల వెండిలా తెల్లగా ఉంటే అదే. అల్యూమినియం కరెంటును రాగిలో 60 శాతం మాత్రమే మోస్తుంది. పైగా రబ్బరు లావుగా, లోపల తీగ పీలగా ఉంటుంది. గేజి నంబరు తగ్గేకొద్దీ వైరు లావు. నిజమైన 8 గేజి రాగి వైరు 5 మీటర్లకు 40 ఆంపియర్ల దగ్గర సుమారు 0.4 వోల్టులు తింటుంది, 4 గేజి అయితే 0.16. ఊఫర్ ఆంప్ పెట్టేవాళ్లు 4 గేజి రాగికే డబ్బు పెట్టండి. ఆంప్‌లో ఆదా చేసుకోవచ్చు గానీ వైరులో వద్దని నా అభిప్రాయం.

పొలం గట్టునో మామిడి తోటలోనో రాత్రుళ్లు బండి పెట్టేవాళ్లు ఎలుకల్ని మరవకండి. బానెట్ లోంచి క్యాబిన్‌లోకి వైరు దూరే రబ్బరు దగ్గర, వెనక సీటు కింద టార్చి వేసి చూడండి.

7. ఎర్ర లైటు వెలుగుతుంటే

బ్యాటరీ మైనస్ తీసి, ఆంప్ నుంచి స్పీకరు వైర్లన్నీ, ఆర్‌సీఏ పిన్నులన్నీ (స్టీరియో నుంచి పాటను తెచ్చే వైర్లవి) పీకేయండి. ఏది ఎక్కడిదో ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ప్లస్, ఎర్త్, రిమోట్ మూడే ఉంచి, బ్యాటరీ మైనస్ మళ్లీ పెట్టి ఆన్ చేయండి.

అప్పుడూ ఎర్ర లైటే ఉంటే, 3వ మెట్టులో వోల్టేజీలు సరిగ్గా వచ్చి ఉంటే, తప్పు లోపలే. 11కు వెళ్లండి.

పచ్చ లైటో నీలం లైటో మామూలుగా వస్తే సంతోషించండి, ఆంప్ బాగుంది. ఆఫ్ చేసి ఒక స్పీకరు కలపండి, ఆన్ చేయండి. మళ్లీ ఆఫ్, ఇంకొకటి. ఏది కలిపినప్పుడు ఎర్ర లైటు వచ్చిందో దొంగ అదే. ఆ వైరు రెండు కొసలూ విప్పి కొలవండి. 4 ఓముల స్పీకరు మీటరులో 3.2 నుంచి 3.8 వరకు చూపించాలి. 1 కంటే తక్కువైతే కాయిల్ కాలి అతుక్కుంది, ఏమీ చూపకపోతే తెగింది. తర్వాత ఒక్కో కొసకూ బాడీకీ మధ్య బజరు పెట్టండి. మోగకూడదు. మోగితే వైరు బాడీకి తగులుతోంది. అది దొరికే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే: డోరు మడత దగ్గరి రబ్బరు గొట్టం, ముందు సీటు పట్టాల కింద, డోరు గడప మీది స్కఫ్ ప్లేటు స్క్రూ, స్పీకరు టెర్మినల్ డోరు రేకుకు ఆనిన చోటు.

వైర్లన్నీ బాగుండి, ఊఫర్ కలిపాకే ఎర్ర లైటు వస్తుంటే ఓముల లెక్క చూడండి. రెండు కాయిళ్లున్న 4 ఓముల ఊఫర్‌ను పక్కపక్కగా కలిపితే 2 ఓములు, ఒకదాని వెనక ఒకటి కలిపితే 8 ఓములు. రెండు, నాలుగు ఛానళ్ల ఆంప్‌లు బ్రిడ్జి చేసినప్పుడు, అంటే రెండు ఛానళ్లను కలిపి ఒకే ఊఫర్‌కు ఇచ్చినప్పుడు, చాలావరకు 4 ఓములకు తక్కువ తట్టుకోవు. ఇంకో ఊఫర్ తోడు చేస్తే శబ్దం పెరుగుతుందనుకుని రెండోది పక్కన తగిలిస్తారు. ఆంప్ దండం పెట్టేస్తుంది.

8. ఫ్యూజ్ కొట్టేస్తుంటే

కొత్త ఫ్యూజులు వేసి వేసి చూడటం డబ్బు దండగ. ముందు ఆంప్ దగ్గర ప్లస్ వైరు విప్పి, కొసకు టేపు చుట్టి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టండి. అప్పుడూ కొడితే ఆంప్‌కు సంబంధం లేదు, వైరు దారిలో బాడీకి తగులుతోంది.

కొట్టకపోతే బల్బు పరీక్ష. ఆంప్ మీది ఫ్యూజులన్నీ తీసేయండి, స్పీకర్లూ ఆర్‌సీఏలూ విప్పేయండి. ఒక ఫ్యూజు గాడిలో హెచ్4 బల్బు రెండు వైర్లు పెట్టండి. 55 వాట్ల ఫిలమెంటు సుమారు నాలుగున్నర ఆంపియర్లకు మించి పోనివ్వదు కాబట్టి ఇక ఏదీ తగలబడదు. బల్బు బాగా వేడెక్కుతుంది, సీటు మీదా కార్పెట్ మీదా పెట్టకండి.

రిమోట్ ఇవ్వకముందే బల్బు పూర్తిగా వెలిగిందంటే కరెంటు సప్లై వైపు మోస్‌ఫెట్‌లు (స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) షార్ట్ అయ్యాయి, లేదా ప్లస్ మైనస్ తారుమారుగా కట్టినప్పుడు రక్షణకు పెట్టిన డయోడు పోయింది. జంపర్ కేబుళ్లతో తిరగేసి స్టార్ట్ చేసిన బండ్లలో రెండోదే ఎక్కువ, అది చిన్న రిపేరే. రిమోట్ ఇచ్చాక పూర్తిగా వెలిగితే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లో రెక్టిఫయరో పోయాయి. ఒక్కసారి తళుక్కుమని మసకబారినా, ఆరిపోయినా కెపాసిటర్లు నిండాయంతే, ఆంప్ బాగుంది. బల్బు మీద ఉండగా పాట పెట్టి తేల్చాలనుకోకండి, సరిగ్గా పాడదు.

9. పాడుతూ పాడుతూ ఆగిపోతుంటే

ఎర్త్, ప్లస్ పరీక్షలు దాటినా ఆగుతుంటే వేడి చూడండి. ఆగిన వెంటనే ఆంప్ ఒంటి మీద చెయ్యి పెట్టండి. చెయ్యి నిలవకపోతే అది తనను తాను కాపాడుకోవడానికి ఆగింది.

ఒక ఇన్నోవా ట్యాక్సీ ఉండేది, దానికి తిరుపతిలో ఎంతసేపు పెట్టినా ఏమీ కాదు. అలిపిరి దాటి ఘాట్ ఎక్కుతుంటే ఆగిపోతుంది, తిరుమలలో పార్కింగ్‌లో గంట నిలిపితే మళ్లీ పాడుతుంది. డ్రైవరు ఇద్దరు మెకానిక్‌లకు చూపించాడు. ఇద్దరికీ ఖాళీ డిక్కీతోనే చూపించాడు! అలిపిరి చెక్‌పోస్టు దగ్గర సామానంతా దించి స్కానింగు చేయించి, వెనక బండ్లు హారన్ కొడుతుంటే హడావుడిగా మళ్లీ లోపల కుక్కుతారు. ఆంప్ వెనక సీటు వీపుకు బిగించి ఉంది. సూట్‌కేసులు దాని హీట్ సింక్ రెక్కలకు ఆనుకుని, సందుల్లో దుప్పటి దూర్చి ఉండేవి. గాలి ఆడేది కాదు. ఆంప్‌ను సీటు కిందకు మార్చాక ఆ గొడవ తీరింది.

సామాను మోసే బండి అయితే అలిపిరి దాటాక ఆర్‌సీఏ పిన్నులు, స్పీకరు వైర్లు కూడా ఒకసారి చూసుకోవడం మంచిది, బ్యాగు చక్రాలకు తగులుకుని వచ్చేస్తుంటాయి. సీటు కింద పెట్టేవాళ్లు నేలకు ఆనించకుండా చెక్క మీద ఎత్తులో బిగించండి. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో నీళ్లలో నిలిచిన కార్ల సంగతి గుర్తుంది కదా, నీళ్లు ముందు చేరేది అక్కడికే.

10. కూత, గుయ్‌మనే శబ్దం

యాక్సిలరేటరు నొక్కితే కూత పెరుగుతోందంటే అది ఆల్టర్నేటరు నుంచి వస్తున్నదే. ముందు ఒక చిన్న పని: ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ను ఆక్స్ వైరుతో కూడా కలిపి ఉంటే ఛార్జరు పీకండి. చాలామందికి కథ అక్కడే కంచికి చేరుతుంది.

పోకపోతే ఆఫ్ చేసి ఆంప్ దగ్గర ఆర్‌సీఏలు పీకి, మళ్లీ ఆన్ చేసి వినండి. కూత అలాగే ఉంటే ఆంప్ ఎర్త్ మళ్లీ చూడండి. కూత ఆగితే అది ముందున్న స్టీరియో వైపు నుంచి వస్తోంది. ఆఫ్ చేసి ఆర్‌సీఏ తిరిగి పెట్టి, ఆన్ చేసి, స్టీరియో వెనక ఆర్‌సీఏ బయటి రింగును ఒక వైరుతో స్టీరియో ఒంటికి ముట్టించండి. కూత ఠక్కున ఆగితే స్టీరియో లోపల ఆర్‌సీఏ ఎర్త్ దారి తెగింది. కరెంటు ఉండగా ఆర్‌సీఏలు పీకి పెట్టడం వల్ల ఇది జరుగుతుంది, అందుకే ఎప్పుడూ ఆఫ్ చేసే పీకాలి. స్టీరియో విప్పి చేయించొచ్చు, లేదా ఆ వైరునే టంకం పెట్టి వదిలేయొచ్చు.

ప్లస్ వైరు, ఆర్‌సీఏ ఒకే కట్టగా వచ్చి ఉంటే విడదీసి ఒకటి ఎడమవైపు, ఒకటి కుడివైపు లాగండి. ఎక్కడైనా దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. ఆంప్ మీది గెయిన్‌ను (స్టీరియో నుంచి వచ్చేదాన్ని ఎంత పెంచాలో తిప్పే గుండీ) చివరిదాకా తిప్పి ఉంటే తగ్గించండి. కూత ఆపడానికి గ్రౌండ్ లూప్ ఐసోలేటరు అని చిన్న డబ్బా అమ్ముతారు. అన్నీ అయ్యాకే దాని జోలికి వెళ్లండి. చవకవి కూతతో పాటు బాస్‌నూ మింగేస్తాయి.

11. బోర్డు దాకా వస్తే

ఆంప్‌ను బండి నుంచి విప్పి బల్ల మీద పెట్టండి. లోపల 12 వోల్టులే ఉంటాయనుకోకండి. దాన్ని పెంచి ప్లస్, మైనస్ రెండు వైపులా పెద్ద వోల్టేజీలు తయారుచేస్తుంది, కెపాసిటర్లలో అవి నిలవ ఉంటాయి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేయకండి. 100 ఓములు, 5 వాట్ల రెసిస్టరుతో కొన్ని సెకన్లు ముట్టించి ఖాళీ చేసి, మీటరుతో సున్నా అని చూసుకోండి.

కంటితో చూడాల్సినవి: ఉబ్బిన కెపాసిటరు, నల్లబడిన చోటు, టెర్మినల్ కాళ్ల చుట్టూ గుండ్రంగా చిట్లిన టంకం, నీళ్లలో తడిసి పచ్చగా పట్టిన చిలుము. చిట్లిన టంకాన్ని మీరే సరిచేయొచ్చు. చిలుమును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, మెత్తని బ్రష్షుతో కడిగి పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. హీట్ సింక్‌కు బిగించిన మోస్‌ఫెట్‌లలో మధ్య కాలు, మూడో కాలు మధ్య రెండు వైపులా తిప్పి కొలిచినా సున్నా దరిదాపుల్లో ఉంటే ఆ వరుసలో షార్ట్ ఉన్నట్టు.

మిగతాది రిపేరు తెలిసినవాళ్లకే ఇవ్వండి, కానీ మూడు మాటలు చెప్పి ఇవ్వండి. ఒకటి, పోయినదాన్ని ఒక్కదాన్నే కాక ఆ వరుస మొత్తం, వాటి గేట్ రెసిస్టర్లతో సహా చూడమనండి. రెండు, మోస్‌ఫెట్ వెనక అభ్రకపు బిళ్ల, పేస్టు తిరిగి పెట్టమనండి. ఇంటికి తెచ్చిన గంటకే మళ్లీ పోయే రిపేర్లలో అది మరిచినవి ఉంటాయి. మూడు, పాత పార్టులు తిరిగి ఇవ్వమనండి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44, ఐఆర్‌ఎఫ్3205 లాంటి వాటికి నకిలీలు కొల్లలు. అందుకే తిరుపతి వాళ్లు చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కు, చిత్తూరు వాళ్లు బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు వెళ్లినప్పుడు నమ్మకమైన అంగడిలో కొని తెచ్చి ఇవ్వడం మేలు. ఆంప్ చవకదైతే ఈ తిప్పలన్నీ పడకండి, కొత్తది కొనండి. 5, 6, 7 మెట్లు సరిచేసుకున్నాకే దాన్ని బిగించండి.

12. పని అయ్యాక

ఇంజిన్ నడుస్తుండగా మామూలుగా వినేంత శబ్దంతో అరగంట పాడించండి. ఆ తర్వాత ఫ్యూజు హోల్డరు, ఎర్త్ బోల్టు, ఆంప్ స్క్రూలు ఒక్కొక్కటిగా ముట్టుకోండి. ఏ జాయింటైనా పక్కనున్న వైరు కంటే వేడిగా ఉంటే అది వదులుగా ఉంది, విప్పి మళ్లీ బిగించండి. బాస్ పడుతుండగా ఆంప్ దగ్గర వోల్టేజి చూడండి, ఇంజిన్ ఆన్‌లో 13 కిందకు జారకుండా ఉంటే నిశ్చింత.

చివరగా ఇంజిన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, డోర్లు మూసి పది నిమిషాలాగి, రిమోట్ టెర్మినల్ మీద మళ్లీ కొలవండి. సున్నా రాకపోతే ఆ రాత్రికి ఆంప్ ఫ్యూజు తీసి పక్కన పెట్టి పడుకోండి, లేకపోతే పొద్దున బండిని తొయ్యాల్సి వస్తుంది.